డిశ్చార్జి తర్వాత, పెద్దకర్మ తర్వాత: ఆత్మహత్య నివారణలో, ఆ దుఃఖంలో కౌన్సెలర్ పని

ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజున ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. గండం గడిచిందని గుడిలో కొబ్బరికాయ కొడతారు. ఆత్మహత్యతో మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో పెద్దకర్మ ముగిసిన సాయంత్రం షామియానా విప్పుతారు, అద్దె కుర్చీలు ఆటో ఎక్కుతాయి, బంధువులు బస్సు వేళ చూసుకుంటారు. ఈ రెండు సాయంత్రాలనూ కౌన్సెలర్ తన డైరీలో ఎర్ర సిరాతో రాసుకోవాలి. అందరూ అయిపోయిందనుకునే చోట మన పని మొదలవుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కౌన్సెలర్ల కోసం ఇది రాస్తున్నాను. హాస్టల్ వార్డెన్లకు, లెక్చరర్లకు, ఆశా కార్యకర్తలకు కూడా చాలా భాగం పనికొస్తుంది. ఇందులో వచ్చే సందర్భాలు ఏ ఒక్కరివీ కావు. ఎందరివో కలిపి, ఆనవాళ్లు చెరిపి చెబుతున్నవి. ఇది చదువుతున్న మీకే చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మిగతాది తర్వాత చదవవచ్చు. ముందు 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ, ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం ఇప్పుడే ఉందనిపిస్తే 108 లేదా 112.

మొదటి మెట్టు: నోటిమాట సరిచేసుకోవడం

మన పత్రికల్లో ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని రాస్తారు. పాల్పడడం అన్న క్రియ మనం మరెక్కడ వాడతామో గమనించండి: దొంగతనానికి, మోసానికి, అఘాయిత్యానికి. ఆ మాట వినగానే చనిపోయినవాడు నేరస్థుల వరుసలో నిలబడతాడు, అతని తల్లి తల వంచుకుంటుంది. ‘ఆత్మహత్యతో చనిపోయాడు’ అనండి. కొత్తలో నాలుక తడబడుతుంది, నెలలో అలవాటవుతుంది. అలాగే ‘విఫలయత్నం’ అన్న మాటను మానేయండి. మనిషి బతికితే దాన్ని వైఫల్యం అనడం ఏ లెక్క?

చట్టం సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి, ఎందుకంటే ఇంటివాళ్ల నోరు కట్టేసేది చాలాసార్లు కేసు భయమే. ‘పొరపాటున జరిగింది’ అని డాక్టరుకు అబద్ధం చెబుతారు, దాంతో మానసిక చికిత్స దారి మూసుకుపోతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమలులో ఉంది. దాని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, అతనికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. ఆత్మహత్యాప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ స్థానంలో అటువంటి శిక్షను 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత తిరిగి పెట్టలేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి ఆపడానికో, అతని మీద ఒత్తిడి తేవడానికో చేసే ప్రయత్నం మాత్రం 226వ సెక్షన్ కింద ఇంకా నేరమే. ఆసుపత్రిలో పోలీసులకు సమాచారం వెళ్తుంది, వాంగ్మూలం తీసుకుంటారు. అది శిక్ష కోసం కాదని ఇంటివాళ్లకు నెమ్మదిగా చెప్పగలిగితే సగం తలుపు తెరుచుకుంటుంది.

రెండో మెట్టు: చావు మాటల్లో నిజమైన మాటను పట్టుకోవడం

తెలుగులో చావు మాట లేకుండా పూట గడవదు. ‘చచ్చేంత పని’, ‘వీడితో చస్తున్నాను’, ‘సిగ్గుతో చచ్చిపోయాను’. ఇన్ని ఉత్తుత్తి చావుల మధ్య అసలైనదాన్ని వినడం నేర్చుకోవాలి. నా అనుభవంలో నిజంగా ప్రమాదంలో ఉన్న మనిషి మాటలో ‘చావు’ అనే పదం తక్కువే వినిపిస్తుంది. ‘నేను లేకపోతే మీకు పీడ పోతుంది.’ ‘ఇక ఓపిక లేదు.’ ‘బతికి ఏమి సాధించాలి?’ ‘పిల్లలను నువ్వు చూసుకుంటావులే.’ పెద్ద వయసువాళ్లు ‘దేవుడు ఎప్పుడు తీసుకుపోతాడో’ అంటారు. అది వైరాగ్యం కావచ్చు, విన్నపమూ కావచ్చు. ఊహించకుండా అడగాలి.

మాట కాకుండా నడత కూడా చెబుతుంది: నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, తాగుడు పెరగడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, చాలాకాలంగా మాట్లాడనివాళ్లకు వరుసగా ఫోన్లు చేయడం. వారాల తరబడి కుంగిపోయిన మనిషి ఏ కారణమూ లేకుండా హఠాత్తుగా ప్రశాంతంగా కనిపిస్తే సంతోషించే ముందు ఒకసారి అడగండి.

ఎవరిని మరచిపోతున్నామో కూడా చూసుకోవాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయారు. పదిమందిలో ఏడుగురికి పైగా మగవాళ్లు. మన గదికి నడిచి వచ్చేవాళ్లలో ఆ పాళ్లు కనిపించవు. మగవాళ్లు ఏడుస్తూ రారు. తాగి వస్తారు, విసుక్కుంటూ వస్తారు, లేదా భార్యను తోడు తీసుకొచ్చి ‘దీనికి కౌన్సెలింగ్ ఇవ్వండి’ అంటారు. అలా వచ్చిన భర్తతో విడిగా పది నిమిషాలు కూర్చోవడం నేను ఒక నియమంగా పెట్టుకున్నాను.

మూడో మెట్టు: సూటిగా అడగడం

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం అందరికీ ఉంటుంది. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులను పరిశీలించింది. ఆత్మహత్య గురించి ప్రశ్నలు అడిగిన పిల్లల్లో బాధ గానీ ఆ ఆలోచనలు గానీ, అడగనివారికన్నా పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకు అడగడం వల్ల కాస్త ఉపశమనం కలిగినట్టు కూడా కనిపించింది.

కాబట్టి అడగాలి. కానీ ఎలా? మన భాషలో ఒక ఉచ్చు ఉంది: ‘కదా’. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?’ అని అడిగారనుకోండి, మర్యాద తెలిసిన ఏ తెలుగు మనిషైనా ‘లేవండీ’ అంటాడు. మీరు అడిగింది ప్రశ్న కాదు, ‘లేవు’ అని చెప్పి నన్ను గట్టెక్కించు అన్న ప్రార్థన. ‘పిచ్చి’ అన్న మాట సరేసరి. నేను అనుభవం మీద స్థిరపరచుకున్న వాక్యాలు ఇవి: ‘ఇంత బరువు మోస్తున్నప్పుడు కొంతమందికి చనిపోవాలన్న ఆలోచన వస్తుంది. మీకు వస్తోందా?’ అడిగి ఆగండి. నిశ్శబ్దాన్ని మీరు నింపకండి. గోడగడియారం చప్పుడు వినిపించినా సరే.

‘అవును’ అన్న మాట వచ్చాక మీ ముఖం ఎలా ఉంటుందన్నది అద్దం ముందు సాధన చేయవలసిన విషయం. నవ్వులాటకు అనడం లేదు. కొత్తలో నా కనుబొమలు పైకి లేచేవి. ఎదుటివాడు వెంటనే ‘అంటే అంత సీరియస్ కాదులెండి’ అని వెనక్కు తగ్గేవాడు. ‘చెప్పినందుకు మంచిదయింది. ఇది ఎప్పటి నుంచి?’ అని మామూలు గొంతుతో అడగగలగాలి. ఉపదేశం వద్దు. ‘నీకు ఏమి తక్కువ?’, ‘మీ అమ్మ గురించి ఆలోచించావా?’ అన్నవి ఇంటి దగ్గర అతను ఇప్పటికే విన్నవి. అమ్మ గురించి ఆలోచించాడు. తాను ఆమెకు భారమని తేల్చుకున్నాడు. చిక్కంతా అక్కడే ఉంది.

నాలుగో మెట్టు: ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో చూడడం

ప్రపంచమంతా వాడే కొలంబియా ప్రశ్నావళి వరుసను కంఠస్థం చేసుకుంటే సరిపోతుంది. నిద్రపోయి లేవకపోతే బాగుండునన్న కోరిక ఉందా. చనిపోవాలన్న ఆలోచన ఉందా. ఎలా అన్నది ఆలోచించారా. చేయాలన్న ఉద్దేశం ఉందా. ఎప్పుడు, ఎక్కడ అన్న పథకం ఉందా. ఇంతకుముందు, ముఖ్యంగా ఈ మూడు నెలల్లో, ఏదైనా ప్రయత్నమో సన్నాహమో చేశారా. మెట్టు మెట్టుకూ ప్రమాదం పెరుగుతుంది. చివరి మూడింటిలో దేనికి ‘అవును’ వచ్చినా ఆ మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు. పక్కన ఒక మనిషి ఉండగా అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించాలి. జిల్లా ఆసుపత్రిలోనో బోధనాసుపత్రిలోనో ఏ రోజు ఎవరు ఉంటారో మీ దగ్గర ముందే రాసి ఉండాలి. రాత్రి ఎనిమిదింటికి వెతుక్కునే పని కాదు.

ఈ ప్రశ్నావళి జోస్యం చెప్పదు. ఈరోజు ‘తక్కువ’ అని తేలిన మనిషికి రేపు ఇంటర్ ఫలితాలు రావచ్చు, అప్పులవాడు వీధిలో నిలబడి అరవవచ్చు. అందుకే ‘ఏమి జరిగితే ఇది ఎక్కువవుతుంది?’ అన్న ప్రశ్న కూడా వేయండి. తేదీ తెలిసిన ప్రమాదాలు కొన్ని ఉంటాయి: ఫలితాల రోజు, వాయిదా కట్టవలసిన రోజు, కోర్టు వాయిదా. అవి మీ డైరీలోకి ఎక్కాలి. అప్పు ఇచ్చే యాప్‌ల మనుషులు ఫొటోలు మార్చి బెదిరిస్తున్నారంటే మనసు గురించి మాట్లాడుతూ కూర్చోవడం కన్నా ముందు సైబర్ నేరాల నంబరు 1930కి పక్కన కూర్చుని ఫోన్ చేయించడం పెద్ద కౌన్సెలింగ్. ఫెయిలైన పిల్లవాడికి సప్లిమెంటరీ ఫీజు గడువు ఎప్పుడో తెలుసుకుని చెప్పడం కూడా అంతే.

ఐదో మెట్టు: ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి

మొదటి భేటీలోనే చెప్పేయండి: ‘మీరు చెప్పినవి నా దగ్గరే ఉంటాయి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం మీకు చెప్పి, అవసరమైనంత వరకు, అవసరమైనవారికి చెబుతాను.’ 2017 చట్టంలోని 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇస్తూనే ప్రాణాపాయాన్ని ఆపడానికి అవసరమైనంత సమాచారం ఇవ్వడానికి వీలు కల్పిస్తుంది. ‘అవసరమైనంత’ అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. అమ్మాయికి ప్రమాదం ఉందని తండ్రికి చెప్పాలి. ఆమె ప్రేమ సంగతి చెప్పనక్కర్లేదు.

ఎవరికి అన్నది కూడా మన ఇళ్లలో చిన్న ప్రశ్న కాదు. గుమ్మం దగ్గర భర్త నిలబడి ఉంటాడు, అత్తగారు లోపలికి వచ్చి కూర్చుంటారు. హింస ఆ ఇంట్లోనే ఉంటే, ఆ ఇంటివాళ్లకే అప్పగించడం రక్షణ కాదు. ‘మీకు కష్టం వస్తే ముందు ఎవరు గుర్తుకొస్తారు?’ అని ఆమెనే అడగండి. పిన్ని కావచ్చు, పాత స్కూలు టీచరు కావచ్చు, మేనమామ కావచ్చు. బంధుత్వం దగ్గరిదా దూరపుదా అన్నది కాదు లెక్క. ఆ మనిషి రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తుతారా అన్నదే.

ఆరో మెట్టు: ఒట్టు వద్దు, కాగితం కావాలి

మన దగ్గర మొదట జరిగేది ఒట్టు. తల్లి తన తల మీద కొడుకు చెయ్యి పెట్టించుకుని ‘ఇంకెప్పుడూ చేయనని ఒట్టు వెయ్యి’ అంటుంది. కొందరు కౌన్సెలర్లు కూడా ‘నాకు మాట ఇవ్వు’ అంటారు. ఇలాంటి వాగ్దానాలు ప్రాణం కాపాడతాయనడానికి ఆధారం లేదు. పైగా ఒట్టు వేసినవాడికి ఆలోచన మళ్లీ వచ్చినప్పుడు ఒట్టు తప్పానన్న సిగ్గు తోడవుతుంది, అమ్మకు చెప్పలేడు. ఉన్న ఒక్క తలుపూ ప్రేమతోనే మూసేశాం.

దాని బదులు భద్రతా ప్రణాళిక రాయించాలి. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన ఈ పద్ధతిలో ఆరు భాగాలున్నాయి. ఇది మీరు రాసి ఇచ్చే మందుచీటీ కాదు; అతని మాటల్లో, వీలైతే అతని చేతిరాతలో ఉండాలి.

మొదటిది, ఆ ఆలోచన వచ్చే ముందు ఏమి జరుగుతుంది. ‘రాత్రి పన్నెండు దాటాక ఫోన్‌లో పాత మెసేజ్‌లు చదవడం మొదలుపెడతాను’ అన్నంత స్పష్టంగా రాయాలి. రెండోది, ఎవరి సాయమూ లేకుండా తాను చేయగలిగింది: తలస్నానం, డాబా మీద నడక, హనుమాన్ చాలీసా, ఒక ఇష్టమైన సినిమా కామెడీ. కీర్తన మీకు నచ్చకపోయినా, కామెడీ మీకు చవకబారుగా అనిపించినా, రాయించండి. మూడోది, మనసు మళ్లించే మనుషులు, చోట్లు. ఇక్కడ బాధ చెప్పుకోనక్కర్లేదు. టీ కొట్టు దగ్గర నలుగురిలో నిలబడినా చాలు. నాలుగోది, బాధ చెప్పుకోగలిగిన మనుషుల పేర్లు, నంబర్లు. వాళ్లకు ముందే చెప్పి ఒప్పించాలి, లేకపోతే ఆ పేరు అక్కడ ఉన్నా లేనట్టే. ఐదోది, డాక్టరు, కౌన్సెలర్, 14416. ఆరోది, చుట్టూ ఉన్న ప్రమాదాన్ని దూరం చేయడం.

ఈ ఆరో దాని దగ్గర మనవాళ్లు మొహమాటపడతారు. ‘నిజంగా చావాలనుకున్నవాడిని ఎవరు ఆపగలరు?’ అంటారు. ఆపగలరు. తీవ్రమైన తపన అలలా లేస్తుంది, కొంతసేపటికి తగ్గుతుంది. ఆ సేపు గడిచే వరకు చేతికి ఏమీ అందకపోతే మనిషి దక్కుతాడు. ప్రయత్నించి బతికినవారిలో పదిమందిలో తొమ్మిదిమంది తర్వాత ఆత్మహత్యతో చనిపోలేదని ఏళ్ల తరబడి సాగిన పరిశీలనలు చెబుతున్నాయి. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చింది; 1995కూ 2015కూ మధ్య అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. ఆ ఇరవై ఏళ్లలో లంకలో అప్పులు, తగాదాలు, ప్రేమ వైఫల్యాలు మాయమైపోలేదు.

మన పల్లెల్లో మందు డబ్బా ఇంటి మూలనో, పశువుల కొట్టంలోనో ఉంటుంది. ‘పారేయండి’ అంటే రైతు వినడు, డబ్బు పోసి కొన్నది. ‘ఈ నెల మీ అన్నయ్యగారి ఇంట్లో తాళం వేసి పెట్టండి, పిచికారీ రోజున ఆయనే తెచ్చిస్తారు’ అంటే వింటాడు. మాత్రలైతే వారానికి సరిపడా మాత్రమే ఇంట్లో ఉంచి, మిగతావి మరొకరి దగ్గర పెట్టించండి. ఆ మనిషి అనుమతితో, అతని ముందే మాట్లాడండి. దొంగచాటుగా దాస్తే నమ్మకం పోతుంది.

చదువు రానివారికి ప్రణాళికను వాళ్ల గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేయించండి. కూలి పనికి వెళ్లే ఒకామె ‘నా గొంతే నాకు ధైర్యం చెప్పినట్టుంటుంది’ అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఏడో మెట్టు: మళ్లీ వెళ్లడం

నన్ను ఒక్క మెట్టే ఉంచుకోమంటే దీన్ని ఉంచుకుంటాను. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి వారాలు, నెలలు అత్యంత ప్రమాదకరమైనవి. సరిగ్గా అప్పుడే అందరూ చెయ్యి వదులుతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఒక అధ్యయనం చేసింది. అందులో మన చెన్నై కూడా ఒక కేంద్రం. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిలో కొందరికి మామూలు చికిత్స అందింది. మిగతావారికి అదనంగా దక్కింది రెండే: డిశ్చార్జికి దగ్గరలో ఒక గంట మాటలు, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోనో ఇంటికి రాకో. 18 నెలల చివర మామూలు చికిత్స పొందినవారిలో 18 మంది ఆత్మహత్యతో చనిపోయారు. మళ్లీ మళ్లీ పలకరించినవారిలో ఇద్దరు. 2008లో వచ్చిన ఈ ఫలితాన్ని చదివినప్పుడు నాకు ముందు సంతోషం కన్నా కోపం వచ్చింది: ఇంత చవకైన పనిని మనం ఎందుకు చేయడం లేదు?

ఆ తొమ్మిది పలకరింపుల వేళలు ఇవి: 1, 2, 4, 7, 11 వారాలకు, తర్వాత 4, 6, 12, 18 నెలలకు. డిశ్చార్జి కాగితం మీద తేదీ చూసి తొమ్మిదింటినీ అప్పుడే డైరీలో వేసుకోండి. ‘కుదిరినప్పుడు చేద్దాం’ అనుకుంటే కుదరదు.

ఫోన్‌లో ఏమి మాట్లాడాలి? తక్కువ. ‘నిద్ర పడుతోందా? మనం రాసుకున్న కాగితం ఎక్కడ పెట్టారు? ఆ ఆలోచన ఈ వారం వచ్చిందా?’ చాలు. అమెరికాలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు చికిత్సకు తిరిగి రావడానికి ఇష్టపడని రోగుల్లో సగం మందికి ఐదేళ్లపాటు చిన్న చిన్న ఉత్తరాలు పంపాడు. అందులో ఏ సలహా లేదు, ‘వచ్చి కలవండి’ అన్న ఒత్తిడీ లేదు; బాగున్నారని ఆశిస్తున్నామని, రాయాలనిపిస్తే రాయమని మాత్రమే. ఉత్తరాలు అందినవారిలో మొదటి రెండేళ్లలో ఆత్మహత్యలు స్పష్టంగా తగ్గాయి. ఇప్పుడు ఉత్తరం బదులు వాట్సాప్ ఉంది. శుభోదయం పూల బొమ్మలు మాత్రం పంపకండి. పేరు పెట్టి, రెండు వాక్యాలు, మీ చేత్తో టైపు చేసినవి.

ఎనిమిదో మెట్టు: మరణం జరిగిపోయిన ఇంట్లో మొదటి రోజులు

ఎంత చేసినా కొందరు దక్కరు. ఆత్మహత్య తర్వాత మిగిలినవారికి ఇచ్చే తోడును నివారణలో భాగంగా చూడడం నేర్పినవాడు ఎడ్విన్ ష్నైడ్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త. దానికి కారణం తేలికగానే అర్థమవుతుంది: ఆత్మహత్యతో మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో మిగిలినవారికి కూడా ఆ ప్రమాదం పెరుగుతుంది.

మొదటి రోజుల్లో మీరు దుఃఖం గురించి మాట్లాడడానికి వెళ్లడం లేదు. ఏడవడానికి కూడా తీరిక లేని ఇల్లది. పోలీసులు పంచనామా రాస్తారు, శవపరీక్ష జరుగుతుంది, చనిపోయినామె పెళ్లయిన ఏడేళ్ల లోపు వ్యక్తి అయితే మేజిస్ట్రేటు స్థాయి విచారణ ఉంటుంది. ఎవరు ఏమి అడుగుతారో, ఏ కాగితం మీద సంతకం ఎందుకో ఒకరు పక్కన నిలబడి వివరించాలి. ఎవరి వల్ల జరిగిందన్న తగవులో మాత్రం తలదూర్చకండి. ఒక పక్షాన నిలిస్తే రెండో పక్షంలో ఉన్న తోబుట్టువుకో తల్లికో మీరు అక్కరకు రారు.

డబ్బు మాట ఎత్తడానికి ఇబ్బందిపడకండి. ఆత్మహత్య అయితే బీమా రాదని ఊళ్లో అందరూ అంటారు. సాధారణంగా జీవిత బీమాలో పాలసీ మొదలైన 12 నెలల లోపు అయితేనే ఆ మినహాయింపు. ఆ తర్వాత నామినీకి పూర్తి మొత్తం వస్తుంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతు బీమా, ఏ కారణంతో చనిపోయినా 5 లక్షల రూపాయలు ఇచ్చేలా రూపొందింది, కానీ పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతులకే. తెలంగాణలోనే 2015లో వచ్చిన జీవో 194 ప్రకారం రైతు ఆత్మహత్య అని నిర్ధారణ అయితే 6 లక్షల సాయం ఉంది. నిర్ధారించేది ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉన్న ముగ్గురు సభ్యుల కమిటీ. కౌలు రైతు భార్య ఈ రెండింటి మధ్యా పడిపోతుంది. భూమి కాగితం ఆయన పేరున ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది. ప్రస్తుత నిబంధనలను మండల వ్యవసాయ అధికారి దగ్గర సరిచూసుకుని, ఎఫ్‌ఐఆర్, శవపరీక్ష నివేదిక, మరణ ధ్రువపత్రం నకళ్లు రెండేసి తీయించి ఒక సంచిలో పెట్టించండి. మీరు చేసిన ఓదార్పు కన్నా ఆ సంచి ఆమెకు ఎక్కువ కాలం గుర్తుంటుంది.

పిల్లలకు ఏమి చెప్పాలన్నది మొదటి రోజే వస్తుంది. ‘నాన్న ఊరికి వెళ్లాడు’ అంటే పిల్లవాడు బస్సు చప్పుడైనప్పుడల్లా గుమ్మంలోకి పరుగెడతాడు. ‘దేవుడి దగ్గరకు వెళ్లాడు’ అంటే, ‘నేనూ వెళ్తాను’ అంటాడు. నిజం, చిన్న మాటల్లో, నమ్మకమైన పెద్దవాళ్ల నోట చెప్పించండి: ‘నాన్నకు మనసులో చాలా పెద్ద బాధ వచ్చింది. ఆ బాధలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. నువ్వు చేసిన దేనివల్లా ఇది జరగలేదు. నిన్ను మేము చూసుకుంటాం.’ ఎలా చనిపోయాడన్న వివరాలు అక్కర్లేదు. అదే ప్రశ్న పదిసార్లు అడుగుతాడు, పదిసార్లూ అదే జవాబు.

తొమ్మిదో మెట్టు: పెద్దకర్మ తర్వాత

ఆత్మహత్య మరణంలో పరామర్శ కూడా వంకరపోతుంది. గుండెపోటుతో పోతే ‘ఎంత మంచివాడు’ అనేవాళ్లే ఇక్కడ ‘ఎందుకు చేసుకున్నాడు?’ అని అడుగుతారు. ‘నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా, కనిపెట్టలేకపోయావా?’ అంటారు. చూశారా, మళ్లీ ఆ ‘కదా’నే. కొన్ని ఇళ్లలో దుర్మరణమని కర్మకాండ దగ్గరే పేచీ మొదలవుతుంది. పురోహితుడు చెప్పే శాంతి చేయించడంలో ఇంటివాళ్లకు మనశ్శాంతి ఉంటే మీరు వాదించకండి. అప్పు చేసి చేయించమంటే మాత్రం ఇంటి పెద్దతో ఒక మాట మాట్లాడండి. పదో రోజున గాజులు, బొట్టు తీసే చోట్ల భార్యను ఎవరూ ‘నీకు ఇది ఇష్టమేనా?’ అని అడగరు. మీరు అడగండి. ఆమె వద్దంటే, ఆమె తరఫున నిలబడగల ఒక పెద్దామెను ముందే వెతికి పెట్టండి. ఊరి ఆచారాన్ని మీరు బయట నుంచి వచ్చి ఎదిరిస్తే ఆ కోపం ఆమె మీద తిరుగుతుంది.

షామియానా తీసేశాక, ఆ వారంలోనే ఒకసారి వెళ్లండి. తర్వాత నెల మాసికం, చనిపోయినవారి పుట్టినరోజు, మొదటి పండుగ, సంవత్సరీకం. ఈ తేదీలూ డైరీలోకి. వెళ్లి ఏమి చేయాలి? చనిపోయిన మనిషి పేరు పలకండి. ఇంట్లో అందరూ ఆ పేరు మింగేస్తున్నారు. ‘రాజు ఏమి ఇష్టంగా తినేవాడు?’ అని అడిగితే తల్లి గంటసేపు మాట్లాడుతుంది. ఆ గంటలో అతను పోలీసు కాగితంలో ఒక కేసు కాకుండా ఆమె కొడుకుగా తిరిగి వస్తాడు.

అపరాధభావం గురించి ఒక జాగ్రత్త. ‘మీ తప్పేమీ లేదు’ అని మొదటి రోజే తేల్చేయకండి. ఆమె ఆ రాత్రి జరిగినదంతా మీకు చెప్పాలి: ఏమి అన్నది, తలుపు ఎందుకు వేసుకుంది, ఫోన్ ఎందుకు ఎత్తలేదు. చెప్పనిచ్చాక అడగండి: ‘ఇప్పుడు తెలిసింది అప్పుడు మీకు తెలుసా?’ జవాబు ఆమే చెప్పుకోవాలి. కోపం కూడా ఉంటుంది, చనిపోయినవాడి మీద. ‘నన్ను ఇలా వదిలేసి పోయాడు’ అని తిట్టినామె మరుక్షణం చెంపలు వేసుకుంటుంది. రెండూ దుఃఖంలో భాగమేనని చెప్పండి. కొందరికి, ముఖ్యంగా దీర్ఘకాలం జబ్బుతో, తాగుడుతో నలిగిన ఇళ్లలో, కాస్త ఊరట కూడా ఉంటుంది. దాన్ని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతారు. మీరే ముందు ఆ మాట ఎత్తి దారి ఇవ్వండి.

వాళ్లను కూడా సూటిగా అడగండి: ‘మీకూ చనిపోవాలనిపిస్తోందా?’ తిండి, నిద్ర, ఇంటిపని నెలల తరబడి కుదుటపడకపోతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఇదే దుఃఖం అనుభవించిన మరో ఇంటివాళ్లను, ఇద్దరి అంగీకారంతో, ఒకసారి కలపగలిగితే మీరు నెలల్లో చేయలేనిది ఒక మధ్యాహ్నంలో జరుగుతుంది. నేను పక్క గదిలో టీ తాగుతూ కూర్చున్న మధ్యాహ్నాలు అవి.

కాలేజీలో మరణం జరిగితే సంతాప సభ గురించి ప్రిన్సిపాల్ అడుగుతారు. ఏ విద్యార్థి చనిపోయినా ఎలా చేస్తారో అలాగే, అంతే చేయమనండి. నిలువెత్తు ఫ్లెక్సీ వద్దు, ‘ప్రాణత్యాగం’ వంటి మాటలు వద్దు, పద్ధతి వివరాలు అసలే వద్దు. రూమ్మేటును, స్నేహితులను, అప్పటికే దిగులుగా ఉన్నవారిని విడివిడిగా పిలిచి మాట్లాడండి. విలేకరి వస్తే ఒక వాక్యంలో కారణం తేల్చవద్దని, 14416 తప్పకుండా ప్రచురించమని కోరండి; ఇదే దిశలో ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది.

పదో మెట్టు: మీ సంగతి

మీ దగ్గరకు వచ్చిన మనిషి చనిపోతే మీరూ ఆ దుఃఖంలో ఉన్నవారే. నాకు ఆ ఫోన్ వచ్చిన రోజున ముందు చేసిన పని పాత నోట్సు తీసి నా తప్పు వెతకడం. వెతకండి, కానీ ఒంటరిగా కాదు. మీకన్నా అనుభవమున్న ఒకరితో, నోట్సు ముందు పెట్టుకుని, వాక్యం వాక్యం చదవండి. నోట్సు దిద్దకండి. కుటుంబం అనుమతిస్తే ఇంటికి వెళ్లండి. వాళ్లు తిడితే వినండి.

పనిలో హద్దులు ముందే గీసుకోండి. రాత్రి ఫోన్ మీరు ఎత్తలేకపోతే ఆ మాట మొదటి రోజే చెప్పి, ఎవరు ఎత్తుతారో చెప్పాలి. తీవ్ర ప్రమాదంలో ఉన్నవాళ్లు ఒకేసారి మీ దగ్గర ఐదారుగురు ఉంటే, ఆరో మనిషిని మరొకరికి అప్పగించడం చేతకానితనం కాదు.

నా డైరీలో రేపటి పేజీలో మూడు గీతలున్నాయి. ఒకరికి పదకొండో వారం ఫోన్. ఒకింట్లో నెల మాసికం. ఫలితాలు వచ్చాయి కాబట్టి ఒక అబ్బాయికి సప్లిమెంటరీ ఫీజు గడువు గుర్తుచేయాలి, కాగితం ఎక్కడ పెట్టాడో కూడా అడగాలి.